కదలనిచ్చే పట్టు

రాకెట్ ప్రయోగం ఉన్న రోజు సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. పులికాట్ సరస్సు మధ్యలోంచి పోయే ఆ తిన్నని దారిలో బండి సాగుతున్నంతసేపూ లోపల కుదురుగానే ఉంటుంది. ముందు బండి ఆగి, మనమూ ఆగి, ఏసీ వేసుకుని వరుసలో నిలబడ్డామా, స్టీరింగు సన్నగా వణకడం మొదలుపెడుతుంది. డ్యాష్‌బోర్డులో ఏదో ప్లాస్టిక్ ముక్క జిర్రుమంటుంది. లోపలి అద్దంలో వెనక బండి నంబరు చదవబోతే అంకెలు అలుక్కుపోయి కనిపిస్తాయి. వరుస కదిలినప్పుడు క్లచ్ వదిలితే కింద 'డబ్'మని ఒక దెబ్బ. అప్పుడు కారున్న ప్రతివాళ్ళకీ వచ్చే అనుమానం ఒకటే: పరుగెత్తేటప్పుడు లేని వణుకు నిలబడితే ఎందుకు వస్తోంది?

మెకానిక్కును అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తాడు: "మౌంటింగులు పోయాయి సార్." బానెట్ ఎత్తి ఇంజన్ పక్కగా వేలు పెట్టి చూపిస్తాడు. రెండు ఇనుప ముక్కల నడుమ పిడికిలంత నల్లటి రబ్బరు ముద్ద. కారును బట్టి ఇలాంటివి మూడో నాలుగో ఉంటాయి. ఇంజన్ మొత్తం బాడీకి అతుక్కుని ఉండేది వీటితోనే.

ఇనుముని ఇనుముకి బిగించకుండా మధ్యలో రబ్బరు ఎందుకు పెట్టారు? ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే అది కారు దగ్గర ఆగదు. అదే రోడ్డు చివర, ప్రయోగ వేదిక మీద నిలబడిన రాకెట్ అడుగున కూడా రబ్బరూ ఉక్కూ కలిసి ఇదే పని చేస్తున్నాయి.

ఇంజన్ ఎందుకు వణుకుతుంది?

మన కార్లలోని ఇంజన్లో ఒక్కో సిలిండరు రెండు చుట్లకోసారి మండుతుంది. నాలుగు సిలిండర్లుంటే చుట్టుకి రెండు మంటలు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ నిమిషానికి దాదాపు 800 చుట్లు తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 1600 మంటలు, అంటే సెకనుకి 27 దాకా. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఇది సెకనుకి 20.

ప్రతి మంటా పిస్టన్ను కిందికి తోస్తుంది, ఆ తోపుతో క్రాంక్ తిరుగుతుంది. క్రాంక్‌ని ఒక వైపు తిప్పిన బలం ఇంజన్ దిమ్మని రెండో వైపు తిప్పబోతుంది. చర్య ఉన్నచోట ప్రతిచర్య ఉంటుందన్న న్యూటన్ మాటకి ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం లేదు. అందుకే సెకనుకి ఇరవై, ముప్ఫై సార్లు ఇంజన్ మొత్తం పక్కకి ఒరగబోయి వెనక్కి వస్తూ ఉంటుంది. పిస్టన్లు పైకీ కిందికీ పరుగెత్తడం వల్ల వచ్చే కుదుపు దీనికి అదనం. మూడు సిలిండర్ల ఇంజన్లో ఒక చివర పిస్టన్ పైకి పోతుంటే రెండో చివరది దానికి జోడీగా ఉండదు. అందువల్ల ఇంజన్ ఈ కొస లేచి ఆ కొస దిగినట్టు ఊగుతుంది. ఏసీ వేస్తే కంప్రెసర్ని కూడా తిప్పాలి కాబట్టి ప్రతి మంటా మరింత బలంగా మండాలి. వణుకు పెరుగుతుంది.

ఇదంతా మంచి ఇంజన్లోనూ జరిగేదే. వణకని ఇంజన్ లేదు. ఆ వణుకు మన ఒంటికి చేరుతుందా, మధ్యలోనే ఆగిపోతుందా అన్నదే తేడా.

ప్రతి బరువుకీ ఒక సొంత ఊపు

తొలినాటి కార్లలో ఇంజన్ను ఫ్రేముకి నేరుగా బోల్టులతో బిగించేవారు. ఇంజన్ ఎంత ఊగితే కారూ అంతే ఊగేది. 1931లో అమెరికాలో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్ కారులో ఇంజన్ను రబ్బరు మీద నిలబెట్టి, దానికి 'ఫ్లోటింగ్ పవర్' అని పేరు పెట్టి అమ్మింది. ముందు వైపు ఎత్తులో ఒక ఆధారం, వెనక వైపు కిందుగా మరొకటి. ఆ రెండింటినీ కలిపే గీత ఇంజన్ బరువు కేంద్రం మీదుగా పోయేలా ఏర్పాటు చేశారు. ఇంజన్ తన బరువు చుట్టూ తాను హాయిగా ఒరుగుతుంది, ఆ ఒరగడం ఫ్రేముకి తెలియదు. మరుసటి ఏడాదికల్లా ఫ్రాన్సులో సిట్రోయెన్ కూడా హక్కులు తీసుకుని అదే పద్ధతికి మారింది.

రబ్బరు ఇక్కడ చేసే పనిని అర్థం చేసుకోవాలంటే ఒక విషయం తెలియాలి. సాగే వస్తువు మీద ఏ బరువు నిలబెట్టినా దానికి ఒక సొంత ఊపు ఉంటుంది. ఒకసారి తట్టి వదిలితే సెకనుకి ఇన్నిసార్లు అని తన లెక్కలోనే ఊగుతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సహజ పౌనఃపున్యం అంటారు. రబ్బరు మెత్తనయ్యేకొద్దీ సొంత ఊపు నెమ్మదిస్తుంది, గట్టిపడేకొద్దీ వేగం పెరుగుతుంది.

బయటి నుంచి వచ్చే కుదుపు సరిగ్గా ఈ సొంత ఊపు లెక్కలోనే వస్తే ఊగడం అంతకంతకూ పెరిగిపోతుంది. దాన్ని అనునాదం అంటారు. కుదుపు వేగం సొంత ఊపుకి సుమారు 1.4 రెట్లు దాటాకే రబ్బరు దాన్ని అడ్డుకోవడం మొదలుపెడుతుంది. మూడు రెట్లు ఉంటే కుదుపులో ఎనిమిదో వంతు మాత్రమే అవతలికి పోతుంది. ఇంకా వేగమైతే ఇంకా తక్కువ.

ఇప్పుడు మన ప్రశ్నకి జవాబు దొరికింది. రోడ్డు మీద ఇంజన్ 2400 చుట్లు తిరుగుతుంటే నాలుగు సిలిండర్ల కుదుపులు సెకనుకి 80. రబ్బరు మీది ఇంజన్ సొంత ఊపు పది ప్రాంతంలో ఉంటే ఆ 80కి ఇది ఆమడ దూరం. వణుకు మనదాకా రాదు. నిలబడినప్పుడు కుదుపులు 27కి, మూడు సిలిండర్లయితే 20కి దిగుతాయి. రెండు లెక్కలూ దగ్గరపడేది అప్పుడే. రబ్బరు బాగున్నంతకాలం ఆ ఎడం సరిపోతుంది. అది ముదిరి గట్టిపడిందా, సొంత ఊపు 10 నుంచి పైకి జరిగి కుదుపుల లెక్కకి ఎదురు వస్తుంది. చినిగిందా, ఇనుము ఇనుముకి తగిలి రబ్బరుతో పని లేకుండా వణుకు నేరుగా బాడీలోకి దిగుతుంది. అందుకే మౌంటింగు జబ్బు బండి నిలబడినప్పుడు బయటపడుతుంది.

ఇంజన్‌ని అమర్చిన చోటే అనునాదానికి చిక్కితే ఏమవుతుందో అమెరికా చంద్రయాత్ర అపోలో 13 చూసింది. 1970 ఏప్రిల్ 11న ఆ రాకెట్ రెండో దశలో అయిదు ఇంజన్లు పనిచేస్తున్నాయి. నడిమి ఇంజన్ అడ్డదూలాల మీద అమర్చి ఉంది. ఇంజన్ తోపూ, దూలాల సాగుడూ, గొట్టాల్లోని ద్రవం పీడనమూ ఒకదాన్నొకటి ఎగదోసుకోవడంతో ఆ దూలాలు సెకనుకి 16 సార్లు, దాదాపు మూడంగుళాల మేర వంగి లేచాయి. పీడనం పడిపోయిందని గ్రహించిన వ్యవస్థ ఆ ఇంజన్ను రెండు నిమిషాలు ముందుగానే ఆపేసింది. మిగిలిన నాలుగూ ఎక్కువసేపు మండి ఆ లోటు పూడ్చాయి. ఆ ప్రయాణంలో తర్వాత జరిగిన ఆక్సిజన్ ట్యాంకు ప్రమాదం అందరికీ గుర్తుంది గానీ, అంతకుముందే రాకెట్ ఇలా గండం గడిచింది.

నొక్కితే లొంగదు, తోస్తే వాలుతుంది

మెత్తదనం అంత మంచిదైతే ఇంకా మెత్తటి రబ్బరు పెట్టొచ్చు కదా? పెడితే నిలబడినప్పుడు వణుకు ఉండదు. కానీ ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి వంద కిలోలు దాటే బరువు. గుంటలో పడినప్పుడూ, సడెన్ బ్రేక్ వేసినప్పుడూ ఆ బరువంతా బానెట్ కింద దొర్లాడుతుంది. కాబట్టి ఒక దిక్కున గట్టిగా, మరో దిక్కున మెత్తగా ఉండే వస్తువు కావాలి. మౌంటింగు తయారీలో ఉన్న నేర్పంతా ఇదే.

రబ్బరుకి ఈ గుణం పుట్టుకతోనే కొంత ఉంది. రబ్బరును నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదు. పైన నొక్కినంత మేరా పక్కలకి ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకుండా చేస్తే అది కుంగనే కుంగదు. అందుకని పలచటి రబ్బరు పొర, దాని మీద ఉక్కు రేకు, మళ్ళీ రబ్బరు, మళ్ళీ రేకు అని పేర్చి విడిపోకుండా అంటించేస్తారు. ఒక పేకముక్కల కట్ట తీసుకోండి. బల్ల మీద పెట్టి అరచేత్తో ఎంత నొక్కినా ఎత్తు తగ్గదు. అదే కట్టని పైనుంచి పక్కకి తోస్తే ముక్క మీద ముక్క కొంచెం కొంచెం జరిగి కట్ట మొత్తం ఏటవాలుగా వాలుతుంది. ఒక్కో ముక్క జరిగింది వెంట్రుకవాసే, కానీ పై ముక్క బాగా దూరం పోయింది. రబ్బరు పొరల దొంతర కూడా అంతే. కాకపోతే పేకముక్కలు జరిగినచోటే ఉండిపోతాయి, రబ్బరు మాత్రం వదిలేయగానే తన చోటికి తాను వచ్చేస్తుంది.

ఫ్లైఓవర్ల కింద స్తంభానికీ దూలానికీ మధ్య కనిపించే నల్లటి దిమ్మలు ఇవే. 2001 భూకంపం తర్వాత భుజ్‌లో తిరిగి కట్టిన ఆసుపత్రి భవనాన్ని కూడా ఇలాంటి దిమ్మల మీదే నిలబెట్టారు. శ్రీహరికోటలో ఈ దొంతర ఇంకా పెద్ద పనికి దిగింది.

ఎల్‌వీఎం3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు, బరువు 640 టన్నులు. దానికి రెండు పక్కలా ఎస్200 అనే ఘన ఇంధన మోటార్లు ఉంటాయి. ఒక్కోదానిలో 200 టన్నులకి పైగా ఇంధనం. 2023 జులై 14న చంద్రయాన్ 3ని మోసుకుని ఇది లేచినప్పుడు మొదట మండినవి ఆ రెండే. మధ్యలో ఉన్న ద్రవ ఇంధన దశ అంటుకుంది 108 సెకన్ల తర్వాత. అంతవరకూ రాకెట్ దారి తప్పకుండా చూడాల్సింది ఎస్200లే. మంట వెలువడే మూతిని, అంటే నాజిల్‌ని, కొద్ది డిగ్రీలు అటూ ఇటూ వంచి రాకెట్ దిశని సరిదిద్దుతారు.

చెప్పినంత సులువు కాదు. లోపల నిప్పు, వాతావరణానికి ఎన్నో రెట్ల పీడనం. అలాంటి మోటారుకి అతికిన నాజిల్ కదలాలి, అయినా అతుకులోంచి చుక్క పొగ బయటికి రాకూడదు. తలుపు బందులాంటిది పెట్టడం కుదరదు. ఇక్కడే రబ్బరూ ఉక్కూ పొరల దొంతర వచ్చింది. దాన్ని ఉంగరంలా చేసి, నాజిల్ మొదట్లో కూర్చోబెట్టారు. పొరలు చదునుగా ఉండవు. ఒకే కేంద్రం ఉన్న గోళాల నుంచి కోసినట్టు ఒంపు తిరిగి ఉంటాయి. లోపలి పీడనం నాజిల్‌ని బయటికి తోస్తుంది. అది పొరలను నొక్కే దిక్కు, కాబట్టి దొంతర లొంగదు. పక్కనున్న హైడ్రాలిక్ చేతులు నాజిల్‌ని అడ్డంగా నెడతాయి. అది పొరలు వాలే దిక్కు, కాబట్టి నాజిల్ ఒక బిందువు చుట్టూ సాఫీగా తిరుగుతుంది. ఎక్కడా ఖాళీ లేదు కనుక పొగ పోయే దారీ లేదు.

ఈ మోటారును మొదటిసారి 2010 జనవరి 24న శ్రీహరికోటలోనే మండించి చూశారు. ఎగరకుండా పరీక్ష వేదికకి కట్టేసి, రెండు నిమిషాలకి పైగా మండనిచ్చారు. గరిష్ఠంగా దాదాపు 500 టన్నుల తోపు. మనుషుల్ని తీసుకెళ్ళే గగన్‌యాన్ కోసం సిద్ధం చేసిన రూపానికి కూడా 2022 మే 13న ఇక్కడే పరీక్ష జరిగింది.

కదిలేదానితో కదలాల్సినవి

ఇంజన్ను కదలనిచ్చామంటే దానికి తగిలించిన ప్రతిదీ ఆ కదలికని తట్టుకోవాలి. కారులో సైలెన్సరు గొట్టానికి ఇంజన్ దగ్గర అల్లికలాంటి మెత్తటి ముక్క ఉండేది అందుకే. రేడియేటరు గొట్టాలు రబ్బరువి, వైర్లకి కాస్త ఒదులు ఉంటుంది. మౌంటింగు పోయి ఇంజన్ ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఊగితే ముందు దెబ్బ తగిలేది వీటికే. సైలెన్సరు అల్లిక పగిలి బుర్రుమంటుంది. గేరు కేబుళ్ళు లాగబడి గేరు సరిగ్గా పడదు. చిన్న రబ్బరు ముద్దని పట్టించుకోకపోతే పెద్ద బిల్లు అయ్యేది ఇలాగే.

2010 డిసెంబరు 25న శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 రాకెట్ నాశనమైంది కూడా ఇంజన్ చెడి కాదు. లేచిన 47 సెకన్ల తర్వాత, పై భాగంలోని కంప్యూటరు నుంచి కింది ఇంజన్లకి ఆదేశాలు తీసుకెళ్ళే కనెక్టర్లు కొన్ని ఊడిపోయాయి. అవి రష్యా నుంచి వచ్చిన క్రయోజెనిక్ దశ అడుగున ఉన్నాయి. ఆ చోటి తొడుగు గాలి ఒత్తిడికి తగినంత బిగువుగా నిలవక వంగి, వాటిని లాగేసిందని విచారణలో తేలింది. కింద ఇంజన్లు మండుతున్నాయి, ఎటు తిరగాలో చెప్పేవాళ్ళు లేరు. రాకెట్ అదుపు తప్పి ముక్కలైంది. గట్టిగా ఉండాల్సినచోట మెత్తదనం చేసే నష్టం ఇది. మెత్తగా ఉండాల్సినచోట గట్టిదనం చేసే నష్టాన్ని కారులో రోజూ చూస్తాం.

రబ్బరు ఎలా ముసలిదవుతుంది?

పచ్చి రబ్బరు ఎండకి జిగురు, చలికి పెళుసు. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దానికి గంధకం కలిపి వేడిచేస్తే ఆ రెండు దోషాలూ తగ్గుతాయని కనిపెట్టాడు. పొడుగాటి రబ్బరు అణువుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. సాగదీసినా అణువులు జారిపోకుండా వెనక్కి వస్తాయి.

ఏళ్ళ తరబడి ఇంజన్ వేడి తగిలితే ఆ వంతెనలు మరీ ఎక్కువవుతాయి. రబ్బరు గట్టిపడుతుంది, గోరు దిగదు. గాలిలో అతి కొద్దిగా ఉండే ఓజోన్ సాగి ఉన్న రబ్బరు మీద సన్నటి పగుళ్ళు పెడుతుంది. మౌంటింగు ఎప్పుడూ బరువు కిందే ఉంటుంది కాబట్టి బండి తిరిగినా తిరగకపోయినా ఈ పని సాగుతూనే ఉంటుంది. ఇంజన్ ఆయిల్ కారి దాని మీద పడితే రబ్బరు ఉబ్బి మెత్తబడి ఊడిపోతుంది. సముద్రం పక్కన ఊళ్ళలో ఇంకో శత్రువు ఉంది. ఉప్పుగాలి రబ్బరును పెద్దగా ఏమీ చేయదు గానీ, అది అంటుకుని ఉన్న ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు అతుకు కిందికి పాకిందంటే రబ్బరు బాగున్నా పట్టు వదిలేస్తుంది.

చలి చేసేది వెంటనే తెలుస్తుంది. 1986 జనవరి 28న ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి రాత్రి తర్వాత స్పేస్ షటిల్ ఛాలెంజర్ లేచింది. దాని ఘన ఇంధన మోటారు అతుకులోని రబ్బరు రింగు చలికి బిగుసుకుపోయి, వెంటనే సాగి సందు మూయలేకపోయింది. 73 సెకన్లకి ఏడుగురి ప్రాణాలు పోయాయి. విచారణలో భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఒక రబ్బరు ముక్కని ఐసు నీళ్ళలో ముంచి తీసి, అది వెంటనే తిరిగి సాగడం లేదని అందరి ముందూ చూపించాడు. మన కోస్తాలో ఆ చలి లేదు. మన రబ్బరుని తినేసేది వేడీ కాలమూ.

షెడ్డుకి వెళ్ళే ముందూ, వెళ్ళాకా

వణుకు రాగానే మౌంటింగుల మీదికి పోకూడదు. స్పార్క్ ప్లగ్గు బలహీనమై ఒక సిలిండరు సరిగ్గా మండకపోయినా, థ్రాటిల్‌లో మసి పేరుకున్నా బండి ఇలాగే వణుకుతుంది. తేడా తెలుసుకోవడానికి ఒక గుర్తు ఉంది. ఇంజన్ ఎప్పటిలాగే నడుస్తూ, లోపలికి మాత్రం వణుకు ఎక్కువ వస్తుంటే రబ్బరు దోషం. ఇంజన్ శబ్దమే తడబడుతుంటే మంట దోషం. స్టార్ట్ చేసినప్పుడూ, ఆపినప్పుడూ, రివర్స్ వేసినప్పుడూ కింద దెబ్బ వినిపిస్తే అనుమానం మౌంటింగు మీదికి బాగా మొగ్గుతుంది.

పరీక్షకి ఇద్దరు కావాలి. హ్యాండ్‌బ్రేక్ లాగి, కాలి బ్రేకు గట్టిగా తొక్కి ఒకరు లోపల కూర్చోవాలి. బానెట్ ఎత్తి రెండోవాళ్ళు పక్కన నిలబడాలి, బండికి ఎదురుగా ఎప్పుడూ నిలబడకూడదు. ఆటోమేటిక్ అయితే డీ నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డీకి మారుస్తూ, మాన్యువల్ అయితే మొదటి గేరులోనూ రివర్సులోనూ క్లచ్‌ని కొద్దిగా పట్టనిచ్చి వదులుతూ చూస్తే ఇంజన్ ఒరుగుతుంది. కొంచెం ఒరిగి వెనక్కి వస్తే బాగున్నట్టే. ఎగిరి పడుతుంటే ఆ వైపు మౌంటింగు చినిగినట్టు. లోపల ద్రవం ఉండే మౌంటింగులు కొన్ని కార్లలో ఉంటాయి. చిన్న వణుకుకి మెత్తగా, పెద్ద కుదుపుకి గట్టిగా ఉండటానికి ఆ ద్రవం సన్నటి దారిలో అటూ ఇటూ పారుతుంది. అలాంటి మౌంటింగు చుట్టూ తడి మరక కనిపిస్తే ఇక అది పనికిరాదు.

మార్చేటప్పుడు ముందు ఇంజన్ బరువు వేరేదాని మీదికి తీసుకోవాలి. పై నుంచి వేలాడదీసే దూలం ఉంటే మేలు. లేదంటే కింద జాకీ పెట్టి, జాకీకీ ఆయిల్ చాంబర్‌కీ మధ్య వెడల్పాటి చెక్క దిమ్మ వేస్తారు. చెక్క లేకుండా ఎత్తితే పలచటి చాంబర్ సొట్టపోతుంది. జాకీ మీద ఉన్న ఇంజన్ కిందికి చెయ్యో తలో పెట్టకూడదు. ఇంజన్ను వెంట్రుకవాసి లేపి బోల్టుల మీది భారం తీసేశాక పాతది విప్పాలి. ఒక్కసారికి ఒక్కటే. అన్నీ కలిపి విప్పితే ఇంజన్ పక్కకి జరిగి బోల్టు రంధ్రాలు కలవవు.

అసలు కిటుకు బిగింపులో ఉంది. కొత్తది పెట్టి బోల్టులన్నీ చేత్తో ఒదులుగా ఎక్కించాలి. జాకీ దించి ఇంజన్ తన బరువుతో తాను కుదురుకున్నాక, కంపెనీ చెప్పిన కొలతకి టార్క్ రెంచితో ఆఖరి బిగింపు ఇవ్వాలి. ఇంజన్ వంకరగా ఉన్నప్పుడే బిగించేస్తే రబ్బరు మెలిపడి ఉండిపోతుంది. కొత్త మౌంటింగు వేసిన మర్నాడే వణుకు మళ్ళీ వచ్చిందంటే చాలాసార్లు కారణం ఇదే. ఒకటి పోయిందంటే దాని భారం ఇన్నాళ్ళూ మిగతావి మోశాయన్నమాట. వాటినీ ఆ చేత్తోనే చూడమనాలి.

కొనేటప్పుడు "గట్టిగా ఉంటుంది, జీవితకాలం వస్తుంది" అని షాపులో చూపించే బిరుసు రకం చూసి మోజుపడొద్దు. ఇంతసేపూ చెప్పుకున్న లెక్క ప్రకారం అది ఇంజన్ సొంత ఊపుని పైకి జరిపి, నిలబడినప్పటి కుదుపులకి ఎదురు పెడుతుంది. రేసు కార్ల వాళ్ళు అది తెలిసే వేసుకుంటారు, వాళ్ళకి వణుకుతో పేచీ లేదు. మనకి కావాల్సింది మన బండి నమూనాకి, మన ఇంజన్‌కి కొలిచి చేసిన మెత్తదనం. ఎస్200లోని దొంతరని ప్రయోగానికి ముందే అన్ని పరీక్షలూ పెట్టి ఎక్కిస్తారు. అది పనిచేయాల్సింది రెండు నిమిషాలు, ఒకే ఒక్కసారి. కారు మౌంటింగు ఏళ్ళపాటు రోజూ పనిచేస్తుంది, దాన్ని చూసేవాళ్ళే ఉండరు. ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు ఆయిలూ ఫిల్టరుతో పాటు మౌంటింగులు కూడా చూడమని కార్డు మీద రాయించండి.